నీలం వైరు ఫేజా, న్యూట్రలా?

స్క్రూ విప్పే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. బోర్డులో ఆ లైనుకున్న చిన్న బ్రేకర్, అంటే ఎంసీబీ, ఒక్కటి దించితే సరిపోదు. అది ఆపేది ఒకే వైరును. వెనక ఎవరైనా వైర్లు తారుమారు చేసి ఉంటే ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) అలాగే ఉంటుంది.

సమస్య: స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు మినుకుమినుకుమంటోంది

స్విచ్‌లో ఇండికేటర్ ఉంటే అది మామూలే, వదిలేయండి. లేకపోతే స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద పడిందేమో చూడాలి. హోల్డర్ దగ్గర ఫేజ్ అలాగే ఉంటుంది కాబట్టి బల్బు మార్చేటప్పుడు షాక్ కొట్టవచ్చు.

ఈ తికమకకు తరచూ మూలం నీలం వైరే. మన గోడల్లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. మిక్సీ, ఫ్రిజ్‌లతో వచ్చే త్రాడులో మాత్రం బ్రౌన్ ఫేజ్, నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ చారలది ఎర్త్. మన ఎరుపు-నలుపు పద్ధతి పాత బ్రిటిష్ అలవాటే. వాళ్లు గోడ వైరింగులో కూడా బ్రౌన్-నీలానికి 2004 నుంచి మారడం మొదలుపెట్టి, 2006 నుంచి కొత్త పనులకు తప్పనిసరి చేశారు. మనకు రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

పరిష్కారం: రంగు నమ్మకండి. నియాన్ టెస్టర్ పక్క వైరు ప్రభావానికి కూడా వెలుగుతుంది, అందుకే హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంప్ మేలు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెడితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంది, కంగారు పడకండి. ఫేజ్ తేలాక దాన్నే స్విచ్‌కు కలిపించండి. బెంగళూరు మార్తహళ్లిలో మీకు దొరికే ఎలక్ట్రీషియన్ ఏ భాషవాడైనా ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ అంటే అర్థమవుతుంది.

సమస్య: గీజర్ ప్లగ్గు వేడెక్కి నల్లబడింది

ఎక్కువగా సాకెట్ వదులవడమే కారణం, కొత్తది వేయండి. అయినా కాలితే వైరు సన్నమై ఉండవచ్చు. అమెరికా నుంచి వచ్చిన బంధువు “పసుపు తొడుగు కదా, 20 ఆంపియర్లు లాగుతుంది” అంటే వినకండి. అక్కడ 2001 నుంచి కేబుల్ తయారీదారులు వైరు లావును (గేజ్) బట్టి పైతొడుగుకు రంగులు మొదలుపెట్టారు: 14 గేజ్ తెలుపు, 12 గేజ్ పసుపు, 10 గేజ్ ఆరెంజ్. అది కూడా చట్టం పెట్టిన నియమం కాదు, గుర్తుపట్టడానికి పెట్టుకున్న పద్ధతి. అంతకుముందు వేసిన తెల్ల కేబుల్‌లో ఏ సైజైనా ఉండవచ్చు. మన పసుపు వైరు లావు గురించి ఏమీ చెప్పదు. వైరు మీద అచ్చు చదవండి: గీజర్‌కు, ఏసీకి మామూలుగా 4 చదరపు మిల్లీమీటర్లు, లైట్లకు 1.5. గీజర్‌కు 1.5 కనిపిస్తే కొత్త వైరు లాగించాల్సిందే.

సమస్య: గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది

ముందు ప్లగ్గు తీసి చూడండి. నిలిస్తే తప్పు గీజర్ ఎలిమెంట్‌ది కావచ్చు. వేరే వస్తువు పెట్టినా పడితే న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిసి ఉండవచ్చు. నల్ల వైరు అయిపోయిందని ఆకుపచ్చదే న్యూట్రల్‌గా లాగేస్తే, తర్వాత ఎవరో దాన్ని ఎర్త్ అనుకుని కలిపేసి ఇలా కావచ్చు. విడదీయించండి. ఆర్‌సీసీబీనే తప్పించి పెడతానన్న మేస్త్రీని పంపేయండి.

సమస్య: మల్లేశ్వరం, బసవనగుడి పాత ఇళ్లలో చెక్క పట్టీల మీద రబ్బరు వైర్లు

రంగులు వెలిసి అన్నీ నల్లగా ఉంటాయి. మెయిన్ ఆపి ఒక్క చివర వంచి చూడండి. పెచ్చులు రాలితే టేపు చుట్టి లాభం లేదు, ఓనరుతో మాట్లాడి మొత్తం వైరింగ్ మార్పించండి. కొత్త వైర్ల రెండు చివర్లా ఏ గదిదో రాయించండి.