క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కి కారులో: మధ్యలో టె అనౌలో రాత్రి ఎందుకు ఆగాలి, దారిలో ఏం చూసుకోవాలి

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపం మ్యాపు తెరిస్తే క్వీన్స్‌టౌన్ ఊరు, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన మిల్‌ఫర్డ్ సౌండ్ పక్కపక్కనే కనిపిస్తాయి. నేరుగా కొలిస్తే డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కానీ మధ్యలో కొండలు అడ్డం. రోడ్డు దక్షిణానికి దిగి, టె అనౌ అనే సరస్సు ఒడ్డు ఊరి మీదుగా చుట్టు తిరిగి, 290 కి.మీ. దగ్గర తేలుతుంది. ఎక్కడా ఆగకుండా నడిపితేనే నాలుగు గంటలు. వెళ్లిన దారినే వెనక్కి రావాలి, వేరే రోడ్డు లేదు. ఒక్క రోజులో వెళ్లొస్తామంటే ఎనిమిది గంటల డ్రైవింగు, మిల్‌ఫర్డ్‌లో రెండు గంటల పడవ షికారు, మధ్యలో ఫొటోలకు ఆగే ప్రతి చోటా గడియారం చూసుకోవడం. పైగా చీకటిపడ్డాక తిరుగు ప్రయాణం. ఈ పద్ధతి మేం ఎవరికీ చెప్పం. బస్సెక్కి వెళ్లేవాళ్లకైతే సరే, నడిపేది వాళ్లు కాదు కాబట్టి.

టె అనౌలో రెండు రాత్రులు పెట్టుకోండి. మొదటి రోజు క్వీన్స్‌టౌన్ నుంచి అక్కడికి 170 కి.మీ. నింపాదిగా. రెండో రోజు మిల్‌ఫర్డ్‌కి 120 కి.మీ., మళ్లీ టె అనౌకి. వాతావరణం బాగోక రోడ్డు మూసేస్తే మూడో రోజు ఉదయం ఇంకో అవకాశం చేతిలో ఉంటుంది.

బయల్దేరేముందు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లైసెన్సుల్లో వివరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి పర్యాటకులు వాటితోనే నడపొచ్చు. కార్డు ఒరిజినల్ దగ్గరుండాలి, ఫోనులో ఫొటో చాలదు. రోడ్డుకి ఎడమవైపు నడపడం, కుడివైపు స్టీరింగు మనకి అలవాటే. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లకే మొదటి రోజు కష్టం, ముఖ్యంగా ఆగిన చోటు నుంచి మళ్లీ రోడ్డెక్కేటప్పుడు. ఏడేళ్లు నిండని పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. కారు బుక్ చేసేటప్పుడే అడగండి, కౌంటరు దగ్గర అడిగితే దొరక్కపోవచ్చు.

క్యాంపర్‌వ్యాన్ తీసుకుంటే ఒక సంగతి. డీజిల్ బండ్లకి అక్కడ కిలోమీటరు లెక్కన రోడ్డు పన్ను ఉంటుంది. అద్దె కంపెనీలు దాన్ని చివర్లో విడిగా వేస్తాయి. బుక్ చేసేటప్పుడు కనిపించిన అద్దెలో అది కలిసి ఉందో లేదో చూసుకోండి.

ఎయిర్‌పోర్టులో తిండి విషయం దాచొద్దు. ఆవకాయ, కారప్పొడి, స్వీట్లు ఏవున్నా అరైవల్ డిక్లరేషన్‌లో (దేశంలోకి వచ్చేవాళ్లు నింపే ఫారంలో) చెప్పేయండి. చెప్పాక మహా అయితే తీసి పారేస్తారు, జరిమానా ఉండదు. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్లు. పచ్చి కరివేపాకు, పళ్లు, తేనె అసలు తీసుకెళ్లొద్దు. ట్రెక్కింగ్ బూట్లకి మట్టి ఉంటే ఇంట్లోనే కడిగి ఆరబెట్టుకోండి, వాటినీ చూస్తారు.

క్వీన్స్‌టౌన్ నుంచి టె అనౌ దాకా

క్వీన్స్‌టౌన్‌లో బయల్దేరి ఫ్రాంక్టన్ మీదుగా 6వ నంబరు హైవే పట్టుకుంటే ఎడమన రిమార్కబుల్స్ కొండలు, కుడిన వాకాతిపు సరస్సు. సరస్సు పొడవు దాదాపు 80 కి.మీ., దాని దక్షిణపు కొస కింగ్స్‌టన్. అక్కడిదాకా రోడ్డు నీటి అంచునే సాగుతుంది. డెవిల్స్ స్టెయిర్‌కేస్ దగ్గర మలుపులు ఎక్కువ. కారు పడనివాళ్లు వెనక సీట్లో ఉంటే మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే వేయించండి, మలుపులు మొదలయ్యాక వేస్తే పని చేయదు. కింగ్స్‌టన్ దాటాక గొర్రెల మేత పొలాలే. ఫైవ్ రివర్స్ దగ్గర 97వ నంబరు హైవేకి కుడివైపు తిరిగి మాస్‌బర్న్ చేరాలి, అక్కణ్నుంచి 94వ నంబరు. ఈ మలుపు దాటేస్తే నేరుగా ఇన్‌వర్‌కార్గిల్ వైపు పోతారు.

ఊరి బయట గరిష్ఠ వేగం 100, వేరే బోర్డు లేకపోతే. అది గరిష్ఠం మాత్రమే. మలుపుల దగ్గర పసుపు బోర్డు మీద 35 అనో 45 అనో రాసి ఉంటే ఊరికే రాయలేదు. వెనక నాలుగు కార్లు చేరితే పక్కకి తీసి దారివ్వండి. మన హైవేల మీద లాగా హారన్ కొట్టి అడగరు, ఓపిక పట్టి పట్టి ప్రమాదకరమైన చోట దాటేస్తారు. తప్పుకోవాల్సింది మీరే.

తడబడే చోటు ఒంటిదారి వంతెన. ముందు రెండు బాణాలున్న బోర్డు వస్తుంది. నీలం చతురస్రం మీద మీవైపు బాణం తెల్లగా పెద్దదిగా ఉంటే దారి మీదే, అయినా ఎదురుగా చూసుకుని పోండి. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు మీద మీ బాణం ఎర్రగా చిన్నదిగా ఉంటే ఆగి ఎదుటివాళ్లందర్నీ పోనివ్వాలి, ఒకరిని పోనిచ్చి దూరిపోవడం కాదు. రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి ముందు దారి.

టె అనౌలో చేయాల్సిన పనులు

సరస్సు 344 చదరపు కిలోమీటర్లు, దక్షిణ ద్వీపంలో ఇదే పెద్దది. ఒడ్డున సాయంత్రం నడక అయ్యాక మూడు పనులు ముగించండి.

ట్యాంకు నింపండి. టె అనౌ నుంచి మిల్‌ఫర్డ్‌కి వెళ్లి రావడానికి 240 కి.మీ., దారిలో బంకు లేదు. మామూలు కారుకి 18 నుంచి 20 లీటర్లు పడుతుంది. ఎక్కుడు, చలిలో హీటరు, టనెల్ దగ్గర క్యూ కలిపి ఇంకో పది లీటర్లు అదనంగా ఉంచుకోవాలి. ఎలక్ట్రిక్ కారైతే నూరు శాతం ఛార్జ్ చేయండి. చలికాలంలో 350 కి.మీ. కంటే తక్కువ నడిచే బండితో వెళ్లడం మంచి ఆలోచన కాదు.

తిండి కట్టుకోండి. మిల్‌ఫర్డ్‌లో ఉన్నది చాలా తక్కువ, శాకాహారులకి మరీ తక్కువ. మోటెల్ వంటగదిలో అన్నం వండి పులిహోర కలిపేస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా నిశ్చింత. పెరుగన్నం మాత్రం చల్లటి డబ్బాలోనే.

మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. ఊరు దాటిన కాసేపటికే ఫోను సిగ్నల్ పోతుంది, ఆ తర్వాత దారంతా లేనట్టే. పడవ టికెట్లు, బుకింగ్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. రోడ్డు తెరిచి ఉందో లేదో న్యూజీలాండ్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ సైటులో పొద్దున్నే చూడండి. ఊరి చివర ఎలక్ట్రానిక్ బోర్డు మీద కూడా ఉంటుంది.

మిల్‌ఫర్డ్ రోడ్డు

క్వీన్స్‌టౌన్ బస్సులు మిల్‌ఫర్డ్ చేరేది మధ్యాహ్నం వేళ. పదకొండు నుంచి రెండు దాకా పార్కింగు, పడవలు, అన్నీ కిక్కిరిసిపోతాయి. టె అనౌలో పడుకున్న లాభం ఇక్కడే. పొద్దున ఆరున్నరకి బయల్దేరి పది గంటల లోపు పడవ పట్టుకోండి, లేదా మెల్లగా వెళ్లి మూడు గంటల పడవ ఎక్కండి. వేసవిలో, అంటే డిసెంబర్, జనవరి నెలల్లో, రాత్రి తొమ్మిది దాటాకే పొద్దు గుంకుతుంది కాబట్టి రెండోదీ బాగానే ఉంటుంది. జూన్‌లో ఐదింటికే చీకటి, అప్పుడు పొద్దుటి పడవే.

ఆగే చోట్లు రెండుగా పంచుకోండి. వెళ్లేటప్పుడు ఒక్క మిర్రర్ లేక్స్ దగ్గర ఆగాలి, ఎందుకంటే గాలి లేచాక అక్కడ చూడ్డానికేమీ ఉండదు. టె అనౌ నుంచి 58 కి.మీ. దగ్గర, రోడ్డు పక్కనే చెక్క బాట, అయిదు నిమిషాల నడక. నీటి అంచున పేరు బోర్డు తలకిందులుగా రాసి నిలబెట్టారు. నీళ్లు నిశ్చలంగా ఉంటే ప్రతిబింబంలో అక్షరాలు సరిగ్గా చదవొచ్చు. చదవలేకపోతే ఆ పూట ఫొటో కుదరదు, ముందుకి పోండి. దానికి కొద్ది కిలోమీటర్ల అవతల నాబ్స్ ఫ్లాట్‌లో మరుగుదొడ్లున్నాయి, వాడుకుని వెళ్లండి. ఎగ్లింటన్ లోయ, లేక్ గన్, మంకీ క్రీక్ అన్నీ తిరుగు దారిలో. ఎక్కడ ఆగినా నాలుగు చక్రాలూ తెల్లగీత బయటికి వచ్చేలా ఆపాలి. కొండ కింద "ఆపరాదు" బోర్డులున్న చోట ఒక్క నిమిషం కూడా ఆపొద్దు. పైన్నుంచి మంచో రాళ్లో జారిపడే దారి అది.

ది డివైడ్ ఎత్తు 532 మీటర్లే. సదరన్ ఆల్ప్స్‌ని తూర్పు నుంచి పడమరకి దాటే కనుమల్లో ఇంత తక్కువ ఎత్తుది ఇంకోటి లేదు. కీ సమ్మిట్ నడక ఇక్కణ్నుంచే, రానుపోను మూడు గంటలు. పడవతో కలిపి ఒకే రోజు పెట్టుకుంటే రెండూ హడావిడే, మూడో రోజు ఖాళీగా ఉంటే అప్పుడు ఎక్కండి.

ఆ తర్వాత హోమర్ టనెల్. తూర్పు ముఖద్వారం 945 మీటర్ల ఎత్తున, పొడవు 1.2 కి.మీ. పైగా. 1935లో మాంద్యం రోజుల్లో పలుగూ పారా పట్టిన కూలీలతో పని మొదలై, మధ్యలో యుద్ధంతో ఆగి, 1950ల్లో గానీ రోడ్డు తెరుచుకోలేదు. గోడలు ఇప్పటికీ చెక్కిన రాయే, పైన్నుంచి నీళ్లు కారుతుంటాయి. మిల్‌ఫర్డ్ వైపు పదికి ఒకటి చొప్పున వాలు. వేసవిలో పగటిపూట సిగ్నల్ పెట్టి ఒక్కో వైపు వదులుతారు, ఇరవై నిమిషాల దాకా ఆగాల్సి రావచ్చు. పడవ వేళ లెక్కలో ఈ ఇరవై నిమిషాలు కలపడం మరిచిపోయే పడవలు తప్పిపోతుంటాయి. లోపలికెళ్లే ముందు హెడ్‌లైట్లు వేసి, నల్ల కళ్లద్దాలు తీసేయండి.

క్యూలో ఆగినప్పుడు కియా అనే పచ్చటి కొండచిలుకలు వస్తాయి. ముచ్చటగానే ఉంటాయి, కానీ వైపర్ రబ్బరు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ పీకేయడం వాటికి ఆట. తిండి పెట్టొద్దు. మనిషి తిండి వాటికి జబ్బు చేస్తుంది, బండ్ల దగ్గర తిరగడం అలవాటై చక్రాల కింద పడతాయి కూడా.

టనెల్ దాటాక ఇరవై కిలోమీటర్ల లోపే సముద్ర మట్టానికి దిగాలి. ఈ దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది, నొక్కినా బండి ఆగదు. ఆటోమేటిక్ కారైతే గేరు లివర్ని ఎల్‌కో, మాన్యువల్ మోడ్‌లో రెండుకో మార్చండి. హైబ్రిడ్‌లో బి ఉంటుంది. ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుకి ముందు మాత్రమే, గట్టిగా నొక్కి వదిలేయాలి. వాసన వచ్చిందంటే పక్కకి తీసి పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. నీళ్లు పోయొద్దు, డిస్కులు వంకర పోతాయి.

చలికాలం, గొలుసులు

మే నుంచి నవంబర్ దాకా ఇది మంచు చరియలు విరిగిపడే రోడ్డు. మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు దగ్గరుండాలని బోర్డు చెబితే ఉండాల్సిందే, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. టె అనౌలో అద్దెకి ఇస్తారు. టైరు పక్కన 205/55 ఆర్ 16 లాంటి అంకె ఉంటుంది, అది చూసి తీసుకోండి. అక్కడే, పొడి నేల మీద, ఒకసారి తొడిగి చూసుకోవాలి. మంచులో వేళ్లు కొంకర్లు పోతుంటే నేర్చుకోవడం జరగని పని.

గొలుసులు ఇంజను తిప్పే చక్రాలకే వేయాలి. చిన్న కార్లలో చాలావరకు అవి ముందు చక్రాలు. వెనక వేస్తే ఏ ఉపయోగమూ లేదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. చదునుగా ఉన్న గొలుసుల బేలో (గొలుసులు తొడుక్కోవడానికి రోడ్డు పక్కన ఆగే చోట) ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైరు మీద పరిచి, ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటిది బిగించండి. కొంచెం నడిపి ఆపి మళ్లీ బిగించాలి, మొదటిసారి ఎంత లాగినా సడలుతుంది. వేగం 40 దాటకూడదు. మంచు లేని తారు మీదకి రాగానే బేలో ఆపి తీసేయండి, లేకపోతే గొలుసు తెగి చక్రం వెనక గీరుకుంటుంది.

మంచు కనబడకపోయినా ఎగ్లింటన్ లోయలో చెట్ల నీడ పడే మలుపుల్లో రోడ్డు మీద పలచటి మంచుగడ్డ పేరుకుంటుంది. తడిసిన తారులానే ఉంటుంది. అక్కడ బ్రేకు కొడితే బండి తిరిగిపోతుంది. నీడలోకి వెళ్లేముందే వేగం తగ్గించాలి.

మిల్‌ఫర్డ్‌లో

పార్కింగుకి డబ్బు కట్టాలి. అక్కణ్నుంచి పడవల టెర్మినల్‌కి నడక ఉంది, చెకిన్ బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందు ముగుస్తుందనుకోండి. అంటే పడవ వేళకి ఓ గంట ముందు ఊళ్లో ఉండాలి.

హిమనదం తొలిచిన లోయలోకి సముద్రం వచ్చి చేరితే ఏర్పడిన ఫియోర్డ్ ఇది. మైటర్ పీక్ నీళ్లలోంచే నిటారుగా 1,690 మీటర్ల దాకా లేస్తుంది. ఏడాదికి ఆరు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటు, కాబట్టి వాన పడిందని బుకింగ్ రద్దు చేసుకోకండి. ఎండ రోజున శాశ్వతంగా ఉండే బోవెన్, స్టిర్లింగ్ జలపాతాలే కనిపిస్తాయి. గట్టి వాన పడితే రాతి గోడల నిండా వందలాది ధారలు దిగుతాయి, ఆగిన కొన్ని గంటలకే మాయం. రద్దు చేసుకోవాల్సింది భారీ వర్షం హెచ్చరిక ఉన్నప్పుడు. 2020 ఫిబ్రవరిలో అలాంటి వానకే రోడ్డు కొట్టుకుపోయింది.

గొడుగు తేవద్దు, గాలికి నిలవదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు కావాలి. స్టిర్లింగ్ కింద పడవ ముక్కు పెట్టినప్పుడు ముందు డెక్ మీదవాళ్లు తడిసి ముద్దవుతారు. సముద్రంలో కలిసే చోట పడవ ఊగుతుంది, వాంతి భయం ఉన్నవాళ్లు కింది డెక్‌లో మధ్యన కూర్చోవాలి.

ఒడ్డున శాండ్‌ఫ్లైలు ఉంటాయి, ఆవగింజంత నల్ల ఈగలు. నడుస్తుంటే పెద్దగా వాలవు, నిలబడగానే చీలమండల మీద పడతాయి. కుట్టినప్పుడు తెలీదు, రాత్రికి దురద మొదలై వారం దాకా వదలదు. మేజోళ్లలోకి ప్యాంటు దోపి, చర్మానికి డీట్ లేదా పికారిడిన్ ఉన్న మందు రాయండి. కారు తలుపు తెరిచిపెట్టి పులిహోర తినాలని మాత్రం చూడకండి.

రోడ్డు మూసేస్తే

సెప్టెంబర్‌లో కూడా ఇది మామూలే. టె అనౌలో కూర్చుని గేటు తెరుస్తారేమోనని చూడ్డం కంటే, 20 కి.మీ. దూరంలోని మానపౌరి ఊరికి వెళ్లండి. అక్కణ్నుంచి పడవలో మానపౌరి సరస్సు దాటి, బస్సులో విల్మట్ కనుమ మీదుగా డౌట్‌ఫుల్ సౌండ్‌కి తీసుకెళ్తారు. ఈ ప్రయాణానికి హోమర్ టనెల్‌తో పని లేదు. రోజంతా పడుతుంది, మిల్‌ఫర్డ్ పడవ కంటే ఖరీదు ఎక్కువ. సీట్లు పరిమితం కాబట్టి రోడ్డు మూసేశారని తెలిసిన వెంటనే ఫోన్ చేయండి. అదే సమయానికి టె అనౌలో ఉన్న మిగతావాళ్లకీ ఇదే ఆలోచన వస్తుంది.