కిట్ స్పోర్ట్స్ కారు: మొదటి నుంచి కట్టుకోవాలా, సగంలో ఆగినది కొనాలా? ఎలా తేల్చుకోవాలి

విశాఖపట్నంలో కిట్ కారు మీద, అంటే విడిభాగాలుగా కొని మనమే బిగించుకునే కారు మీద, మనసు పడినవారు ధర సంగతి కంటే ముందు కాగితాల సంగతి తేల్చుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 126వ నిబంధన ప్రకారం తయారీదారు తన వాహన నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే పరిశోధన సంస్థ) వంటి గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష చేయించాలి. ఇంటి షెడ్డులో కట్టిన ఒక్క కారు కోసం అంత భారం మోయడం సామాన్యులకు సాధ్యం కాదు. పాత కారు ఆర్సీని కొత్త చాసిస్‌కు (కారు అడుగు చట్రానికి) వాడుకుందామంటే, వాహనంలో మార్పులను కట్టడి చేసే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. కాబట్టి ఈ కారు బీచ్ రోడ్డు కోసం కాదని, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే వంటి రేసు ట్రాకు కోసమని అనుకునే లెక్క వేసుకోవాలి.

తరువాత, కట్టడం ఇష్టమా, నడపడం ఇష్టమా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా ప్రశ్నించుకోండి. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారును బ్రిటన్‌లో చాలామంది విడిభాగాలుగా కొని బిగించుకున్నారంటే, అలా కొంటే కొనుగోలు పన్ను తప్పడం అందుకు పెద్ద కారణం. మనకు ఆ వెసులుబాటు లేదు; పని మీద ప్రేమ లేనివారు మొదటి నుంచి మొదలుపెట్టకపోవడమే మంచిది.

సగంలో ఆగిన కారును చూడటానికి వెళ్ళేటప్పుడు టార్చి, చిన్న సుత్తి, కొలత టేపు తీసుకువెళ్ళండి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరిలో, ముఖ్యంగా టార్పాలిన్ కప్పి నెలల తరబడి వదిలేసిన చాసిస్‌లో, పైన రంగు నిగనిగలాడుతున్నా గొట్టాలు లోపల తుప్పు పట్టి ఉండవచ్చు. కింది గొట్టాలను వరుసగా తట్టుతూ వెళితే గట్టి చోటికీ గుల్ల చోటికీ చప్పుడులో తేడా తెలుస్తుంది. చాసిస్ రెండు కర్ణాలనూ, అంటే మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరాలను, కొలవండి, అవి సమానంగా లేకపోతే చక్రాల అమరిక ఎప్పటికీ కుదరదు. చక్రాలను చాసిస్‌కు కలిపే సస్పెన్షన్ ఆర్మ్‌లు అతికిన చోట వెల్డింగ్‌ను గాజువాక ఆటోనగర్‌లో అనుభవమున్న వెల్డరుకు చూపించండి, ఎందుకంటే రంగు కింద దాగిన పగులు మన కంటికి అందదు. స్పానరుతో క్రాంక్‌ను (ఇంజిన్ ప్రధాన ఇరుసును) తిప్పి ఇంజిన్ తిరగకుండా బిగుసుకుపోయిందేమో చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక పాతది ఎలాగూ మార్చాల్సిందే. టైరు పక్కన ఉన్న నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం.

పని ఎందుకు ఆపారని తప్పక అడగండి. డబ్బు చాలక ఆపారంటే భయం లేదు. ఏదో భాగం అమరక ఆపారంటే ఆ చిక్కు రేపు మీదవుతుంది. మిగిలిన ప్రతి భాగాన్నీ, బోల్టులు, వైరింగ్, గొట్టాలతో సహా, కాగితం మీద రాసి, లేత్ పని, వెల్డింగ్ కూలి కలిపి, ఆ మొత్తానికి అమ్మేవారు చెప్పిన ధర జోడించండి. అది కొత్త కిట్ ఖర్చుకు దగ్గరగా వస్తే కొత్తదే కొనండి, చాసిస్ మీద అనుమానముంటే మాత్రం ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి.