దసరాకు బండికి రంగు వేస్తున్నారా? తలుపు వేయకండి

పోయిన ఆదివారం మా వీధి చివరి ఇంట్లో ఇరవై రెండేళ్ల అబ్బాయి చేతులు, ముఖం కాల్చుకున్నాడు. తాతగారి పాత రాజ్‌దూత్ మోటారుసైకిల్‌ను దసరా పూజకు ముస్తాబు చేద్దామని స్ప్రే డబ్బాలు తెచ్చుకున్నాడు. బయట జల్లు పడుతోందని వెనక గదిలోకి వెళ్లాడు. సముద్రపు గాలి దుమ్ము తెస్తుందని తలుపు, కిటికీ రెండూ వేసుకున్నాడు. రెండు డబ్బాలు అయిపోయి మూడోది అందుకునేలోగా మూలనున్న పాత ఫ్రిజ్ దానంతట అది ఆన్ అయింది. గది అంటుకుంది. నేను వెళ్లేసరికి నేల మీద పరిచిన పత్రికలు ఇంకా కమురు వాసన వేస్తున్నాయి. ఒక పక్కే ఎర్రరంగు పడిన మడ్‌గార్డు తీగకు వేలాడుతోంది. ప్రాణానికి భయం లేదన్నారు. చేతులు మామూలు కావడానికి మాత్రం చాలాకాలం పడుతుంది.

చేతి తొడుగులు వేసుకోవాలి, డబ్బా బాగా ఊపాలి వంటివన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది తలుపు గురించి. పాత బండ్ల మీద మమకారం ఉన్నవారిలో ఈ తప్పు చేయని వారిని నేను అరుదుగా చూశాను. రంగు మీద ఒక్క నలక కూడా పడకూడదన్న ఆరాటంతో గది మూసేస్తారు.

చాలా డబ్బాల్లో రంగును బయటికి తోసేది ప్రొపేన్, బ్యూటేన్. మన వంటగ్యాస్ సిలిండర్లో ఉండేవి కూడా ఇవే. రంగును పలుచన చేసే ద్రవాల్లో అసిటోన్, టోలీన్, జైలీన్ వంటివి ఉంటాయి. నిప్పు తగిలితే మండేంత ఆవిరిని టోలీన్ 4 డిగ్రీల దగ్గరే విడుస్తుంది. అసిటోన్‌కు సున్నాకు 20 డిగ్రీలు దిగువైనా చాలు. విశాఖలో ఏ గదైనా వాటికి వేడి గదే. పైగా ఈ ఆవిరి గాలికంటే బరువు. టోలీన్ ఆవిరి మూడింతల బరువు ఉంటుంది. అది నేలబారున పరుచుకుంటుంది కాబట్టి, ముక్కు దగ్గర వాసన తగ్గిందంటే పోయిందని అర్థం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి కూడా గాలికంటే బరువైనదే. అది ఇళ్ల మీదికి ఎలా పాకిందో చూసిన ఊరు మనది.

ఫ్రిజ్ అడుగున కంప్రెసర్ దగ్గర నిప్పురవ్వ, పక్కగదిలో దేవుడి దీపం, మంచం కింద దోమల కాయిల్. ఆవిరికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. నవరాత్రుల్లో అఖండదీపం పెట్టే ఇళ్లు మరీ గుర్తుంచుకోవాలి. తలుపు కింద సందులోంచి కూడా ఆవిరి పాకుతుంది.

ఇంతా చేసి, తలుపు వేసుకున్నందుకు రంగైనా బాగా వస్తుందా అంటే రాదు. ద్రవం త్వరగా ఆరుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పట్టి రంగు తెల్లబారుతుంది. ముసురు పట్టిన రోజు గది మూసినా ఆ తేమ లోపలే ఉంటుంది. ఇక దుమ్ము సంగతి. ఆరాక 1500 నంబరు ఉప్పుకాగితంతో నీళ్లు పోస్తూ రుద్దితే నలకలు పోతాయి. దానికోసం గది మూయనక్కరలేదు.

పెట్రోలు ట్యాంకు గురించి. ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదం, ఎందుకంటే లోపల మిగిలేది గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి. సబ్బునీళ్లతో ఎన్నిసార్లు కడిగినా దాని మీద గ్రైండర్ పెట్టకండి. సొట్టకు, చిల్లుకు వెల్డింగు కావాలంటే ట్యాంకుల పని తెలిసిన చోటికి పట్టుకెళ్లండి.

పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది, పొడిగా రుద్దితే ఆ ధూళి ఇల్లంతా చేరుతుంది, ముందు నష్టపోయేది నేల మీద పాకే పిల్లలు. గీకిన రేకును మన ఉప్పుగాలికి రాత్రంతా వదలకండి, తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, అదే రోజు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయండి.

ఇక మిగిలినవి:

మేడ మీద వేయండి. ఎండ వచ్చి తేమ ఆరాక, సముద్రపు గాలి ఊపందుకోకముందు.

అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వద్దు. తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది కానీ నేలకంటే పల్లంలో ఉంటుంది, ఆవిరి అక్కడే నిలుస్తుంది.

కిటికీలో మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకుని తలుపు వేసుకోవడం కూడా తలుపు వేసుకోవడమే. ఆ మోటారే నిప్పు పుట్టించవచ్చు.

గుడ్డ మాస్కు, ఎన్95 ఆవిరిని ఆపవు. ఆవిరిని తనలోనే పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనండి.

గట్టిపరిచే రసాయనం కలిపే రెండు భాగాల క్లియర్ కోటు (రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శక పూత) ఇంట్లో కొట్టకండి. అందులోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. అది పెయింటు బూత్‌లో చేయించే పని.

డబ్బాను వేడినీళ్లలో మరిగించకండి. పొయ్యి దగ్గర పెట్టకండి. ఎండలో కారులో వదలకండి. 50 డిగ్రీలు దాటితే పేలవచ్చు.

ఖాళీ డబ్బాకు మేకు కొట్టకండి.

రంగు వేసిన భాగాలను ఆరబెట్టడానికి గదిలో పెట్టి తలుపు వేయకండి. ఆరినంతసేపూ ఆవిరి వస్తూనే ఉంటుంది.

గదిలో వాసన నిండితే స్విచ్ వేయకండి, ఆపకండి కూడా. ముందు తలుపులు తెరవండి, బయటికి రండి.

తల తిరిగితే పని అక్కడే వదిలేయండి.

కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి. ఆ తర్వాత ఆసుపత్రి.

వాన మొదలైతే డబ్బా దింపండి, ఇంట్లోకి తేకండి. ఈ దసరాకు ప్రైమర్ మీదే పసుపు, కుంకుమ పెట్టి నిమ్మకాయ తొక్కించండి. రంగు డిసెంబరులో, గాలి పొడిబారాక, మేడ మీద వేసుకోవచ్చు.