ఎల్‌సీ గడువులు డైరీలో వద్దు, షీట్లో పెట్టండి

చీమకుర్తిలో గెలాక్సీ రాయి (నల్ల గ్రానైట్) ఎగుమతి చేసే యూనిట్లో లెక్కలు చూస్తాను. మా ట్రెజరీ డిపార్ట్‌మెంటంటే నేనూ, ఒక ల్యాప్‌టాపూ, గుమాస్తా ఎర్రట్ట డైరీ. ఒకసారి ఆ డైరీయే మమ్మల్ని ముంచింది. అందులో రాసుకున్నది ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్: సరైన కాగితాలు గడువులోపు ఇస్తే డబ్బు చెల్లిస్తామని కొన్నవాడి బ్యాంకు ఇచ్చే హామీ) ముగిసే తేదీ. సరుకు ఓడెక్కాక 21 రోజుల్లో కాగితాలు బ్యాంకుకివ్వాలన్న గడువు అంతకంటే ముందే దాటిపోయింది. కాగితాలు ఎల్‌సీ షరతులకు సరిపోలేదని బ్యాంకు డిస్క్రిపెన్సీ వేసింది. కొన్నవాడు సందు దొరికిందని ధర తగ్గించమన్నాడు. దిమ్మెలు అప్పటికే అవతలి రేవులో ఉన్నాయి, ఏం చేస్తాం? తగ్గించాం.

ఆ తర్వాత ఇలా చేస్తున్నాం. సాఫ్ట్‌వేరేమీ కొనలేదు.

ఎల్‌సీ రాగానే ఎంటీ 700 మెసేజ్‌ని (ఎల్‌సీ షరతులన్నీ రాసి బ్యాంకులు పంపుకునే సందేశం) పీడీఎఫ్‌గా మెయిల్ చేయమని బ్యాంకును అడగండి. జిరాక్స్ ఇస్తే అందులోంచి కాపీ కొట్టలేం. ఆ మెసేజ్‌లో ప్రతి వివరానికీ ఒక ఫీల్డ్ నంబరుంటుంది: 44సిలో ఆఖరి షిప్‌మెంట్ తేదీ, 31డిలో ఎల్‌సీ ముగిసే తేదీ, 48లో కాగితాలకిచ్చిన గడువు ఉంటాయి. 48 లేకపోతే యూసీపీ 600 (ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలు) ప్రకారం 21 రోజులే. వీటిని గూగుల్ షీట్లోకి ఎక్కించండి. బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే పత్రం) తేదీకి ఆ రోజులు కలిపి, 31డితో పక్కపక్కన పెట్టి 'మిన్' ఫార్ములా వేస్తే ఏది ముందో అదే వస్తుంది. వారంలోపు పడితే గడి ఎర్రబడేలా పెట్టుకోండి. 31డిలో ఊరు కూడా చూడండి. కొన్నవాడి దేశం పేరుంటే గడువులోపు కాగితాలు అక్కడికి చేరాలి, కొరియర్ రోజులు తీసేసుకోండి.

45ఏ సరుకు వివరం. దీన్ని ఇన్‌వాయిస్‌లో టైపు చేయొద్దు, కాపీ పేస్టే. ఆపైన 'ఎగ్జాక్ట్' ఫార్ములాతో రెండూ పోల్చండి. మొన్నొకసారి ఫాల్స్, అంటే రెండూ ఒకటి కాదని చూపించింది. కళ్లు కాయలు కాసేలా చూస్తే గెలాక్సీలో ఒక 'ఎల్' ఎక్కువుంది, తప్పు ఎల్‌సీలోనే! మా కుర్రాడు ఇన్‌వాయిస్‌లో దిద్దేశాడు. పంతులుగారి బుద్ధి ఇక్కడ పనికిరాదు, ఎల్‌సీలో ఎలా ఉంటే అలాగే ఉంచాలి. లేదంటే ఓడెక్కించకముందే ఎల్‌సీకి అమెండ్‌మెంట్ (సవరణ) తెప్పించుకోవాలి.

కొలత క్యూబిక్ మీటర్లలో ఉంటే, ఎల్‌సీ వద్దనకపోతే, 5 శాతం అటూఇటూ చెల్లుతుంది. బిల్లు మాత్రం ఎల్‌సీ మొత్తం దాటకూడదు. ఇన్ని దిమ్మెలని లెక్క రాసి ఉంటే ఆ వెసులుబాటు లేదు.

'డబ్బు పంపేశాం' అని కొన్నవాడు అంటే 36 అక్షరాల యూఈటీఆర్ (ఆ చెల్లింపు ఎక్కడుందో వెతికే నంబరు) అడగండి. అదుంటే డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మన బ్యాంకు చెప్పగలదు. డాలర్లు మార్చేముందు సీసీఐఎల్ (క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) వాళ్ల ఎఫ్‌ఎక్స్ రిటైల్ అనే ఆన్‌లైన్ వేదికలో రేటు చూడండి. మీ బ్యాంకు ద్వారా అందులో నమోదు కావాలి. 2019 నుంచీ ఉన్నా మా వైపు దాన్ని వాడేవాళ్లు నాకింకా తగల్లేదు.

డబ్బు పడ్డాక పని అయిపోయిందనుకోకండి. ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ) ఆ షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్ ఎగుమతి పత్రం) క్లోజయిందో లేదో నెలకోసారి బ్యాంకును అడిగి, షీట్లో ఆఖరి గడికి టిక్ పెట్టండి.