బండి ఎందుకు మొరాయించింది? మొదటి లాంగ్ రైడ్‌లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

కొత్తగా బండి కొన్నవాళ్లు చాలామంది మొదటి లాంగ్ రైడ్‌కు శ్రీశైలమే పెట్టుకుంటారు. నల్గొండ నుంచైతే దేవరకొండ, డిండి మీదుగా, మహబూబ్‌నగర్ నుంచైతే జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వెళ్తారు. రెండు దారులూ మన్ననూరుకు ముందే హైదరాబాద్-శ్రీశైలం హైవేలో కలుస్తాయి. అక్కడిదాకా చేలు, ఊళ్లు. ఆ తర్వాత నల్లమల అడవి, చివర్లో ఘాట్. రోజూ కాలేజీకో డ్యూటీకో తిరిగినప్పుడు కనపడని లోపాలు ఈ దారిలో బయటపడతాయి. పది కిలోమీటర్లకు ఇంజన్ పూర్తిగా కాగదు, నడుమూ పట్టేయదు. వంద దాటితే రెండూ జరుగుతాయి.

ఏ సమస్య వచ్చినా వరస ఒకటే. పైసా ఖర్చు లేని కారణాలు ముందు చూడాలి: స్విచ్, పెట్రోల్, గాలి, చైన్, బ్యాగు. పానా పట్టడం, మెకానిక్‌కు ఫోన్ చేయడం ఆ తర్వాతే.

టీ తాగి వచ్చేసరికి బండి స్టార్ట్ అవ్వట్లేదు

కుడిచేతి దగ్గరున్న ఎర్ర కిల్ స్విచ్ చూడండి. ఆగినప్పుడు మీ చెయ్యో, పక్కన నిలబడ్డ పిల్లాడి చెయ్యో తగిలి ఉంటుంది. తర్వాత సైడ్ స్టాండ్. ఇప్పటి బళ్లలో చాలావాటికి స్టాండు దగ్గర సెన్సర్ ఉంటుంది. స్టాండు దించి ఉంటే గేరు వేయగానే ఇంజన్ ఆగిపోతుంది. స్టాండు పైకి లేపినా అలాగే ఆగుతుంటే సెన్సర్ దగ్గర బురద పేరుకుందేమో నీళ్లతో కడిగి చూడండి. బండి పక్కకు పడి లేచాక స్టార్ట్ కాకపోతే కంగారు పడొద్దు. ఇంజెక్షన్ బళ్లు (కార్బురేటర్ లేకుండా కరెంటు పంపుతో పెట్రోల్ కొట్టే కొత్త రకం) ఒరిగిపోతే ఇంజన్‌ను అవే కట్ చేసుకుంటాయి. తాళం ఒకసారి ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది.

సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అని మాత్రమే వస్తోందా? హారన్ కూడా నీరసంగా మోగుతోందా? అయితే బ్యాటరీలో పవర్ లేదు, లేదా టెర్మినల్ స్క్రూ వదులైంది. ముందు స్క్రూ బిగించి చూడండి. కిక్ ఉంటే కిక్ కొట్టండి, లేకపోతే సెకండ్ గేర్‌లో పెట్టి ఎవరితోనైనా తోయించుకోండి. ఇంజెక్షన్ బండిలో బ్యాటరీ పూర్తిగా పోతే తోసినా లాభం ఉండదు, పెట్రోల్ పంపు తిరగడానికే కరెంటు కావాలి. హారన్ లేదు, లైటు లేదు, మీటరు కూడా వెలగట్లేదంటే ఫ్యూజ్ చూడండి. స్పేర్ ఫ్యూజ్ చాలా బళ్లలో అదే డబ్బాలో పెట్టి ఇస్తారు.

బాగానే పోతూ ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతోంది

కొత్తవాళ్లను ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లే లోపే బాగైపోతుంది, అతనికి చూపించడానికి ఏమీ మిగలదు. ప్లగ్గు మారుస్తారు, ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు. ఇంకో నలభై కిలోమీటర్లకు మళ్లీ అదే కథ.

బండి ఆగిన వెంటనే పెట్రోల్ మూత తీయండి. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయిందంటే దొంగ దొరికినట్టే. మూతలో గాలి ఆడటానికి సన్నటి రంధ్రం ఉంటుంది. పెట్రోల్ కిందికి దిగుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి దాని గుండానే గాలి వెళ్లాలి. అది దుమ్ముతోనో, వాటర్ వాష్ చేసినప్పుడు పేరుకున్న మడ్డితోనో మూసుకుపోతే ట్యాంకులో గాలి లేక పెట్రోల్ దిగదు. ఊళ్లో తిరిగినప్పుడు బంకు దగ్గర మూత తీస్తూ ఉంటాం కాబట్టి తెలియదు. ట్యాంకు మీద రెయిన్‌కోటు మడిచి కట్టినా, మూతను గట్టిగా పట్టేసే కవరు తొడిగినా ఇదే జరగొచ్చు. అవి తీసేయండి, రంధ్రాన్ని గాలి కొట్టించి శుభ్రం చేయించండి. అప్పటిదాకా ముప్పై కిలోమీటర్లకోసారి ఆగి మూత తీసి పెట్టుకుంటూ ఇల్లు చేరొచ్చు.

మూత తీసినా తేడా లేదంటే పెట్రోలే అయిపోయి ఉండొచ్చు. కార్బురేటర్ బండికి రిజర్వ్ ట్యాప్ తిప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బళ్లకు చాలామటుకు రిజర్వ్ ట్యాప్ లేదు, మీటరును నమ్ముకోవాల్సిందే. వాటి పంపు ట్యాంకులోనే మునిగి ఉండి, పెట్రోల్‌తోనే చల్లబడుతుంది. అందుకే అడుగంటేదాకా నడపడం దానికి మంచిది కాదు. ఫుల్ ట్యాంక్ చేయించినప్పుడల్లా ట్రిప్ మీటర్ సున్నా చేసుకోండి. మన్ననూరు దాటితే శ్రీశైలం దాకా 70 కిలోమీటర్లకు పైనే, అందులో చాలా భాగం అడవి. అచ్చంపేట వైపు నుంచి వచ్చినా, డిండి వైపు నుంచి వచ్చినా అడవిలోకి పోకముందే ట్యాంకు నింపుకోండి. లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు.

వానలో మాత్రమే ఆగుతుంటే ప్లగ్గు క్యాప్‌లోకి నీళ్లు వెళ్లాయి. తీసి, పొడిగుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కండి.

రేస్ పెంచితే సౌండే పెరుగుతోంది, స్పీడ్ పెరగట్లేదు

క్లచ్ స్లిప్ అవుతోంది. హాఫ్ క్లచ్‌లో (క్లచ్ సగం నొక్కిపట్టి) నడిపే అలవాటున్నవాళ్లకు దోమలపెంట దాటి ఘాట్ మొదలైతే తప్పకుండా కనపడే జబ్బు ఇది. లివర్ చివర పట్టుకుని మెల్లగా లాగండి. మామూలు బళ్లలో 10 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా వదులుగా కదలాలి. అసలు కదలకపోతే కేబుల్ మరీ టైటుగా ఉందన్నమాట. లివర్ దగ్గరున్న అడ్జస్టర్‌ను చేత్తోనే తిప్పి వదులు చేయొచ్చు. వదులు చేసినా జారుతుంటే క్లచ్ ప్లేట్లు అరిగాయి. కాసేపు చల్లారనిచ్చి, తక్కువ గేర్‌లో, క్లచ్ మీద వేళ్లు పెట్టకుండా మెల్లగా వెళ్లండి.

క్లచ్ బాగానే ఉండి, ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులతో 110 సీసీ బండి ఎక్కలేకపోతోందంటే అది రోగం కాదు, బరువు. సెకండ్ గేర్ వేయండి. ఇంజన్ దగ్గర మాడు వాసన వస్తే మాత్రం ఆగి ఆయిల్ చూడండి. బండిని నిటారుగా నిలబెట్టి, కొన్ని నిమిషాలు ఆగాకే చూడాలి, లేకపోతే లెవల్ తప్పుగా కనపడుతుంది.

ఘాట్ దిగుతుంటే బ్రేకు మెత్తబడింది

డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బ్రేకు తొక్కిపట్టి దిగితే వేడికి పట్టు పోతుంది. డిస్క్ బ్రేకైతే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ఆగి, పదిహేను ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. నీళ్లు పోయొద్దు, కాలిన డిస్క్ వంకర పోతుంది. మళ్లీ బయల్దేరాక ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. అప్పుడు ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకుతో మలుపుల దగ్గర మాత్రమే పని. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగేవాళ్లు కనిపిస్తుంటారు. వాళ్లకు ఇరవై రూపాయలు మిగులుతాయేమో, బండికి మాత్రం పట్టు మిగలదు.

బండి ఊగుతోంది

వెనక భాగం పాములా మెలికలు తిరుగుతుంటే వెనక టైరులో గాలి పోయింది. హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగితే ముందు టైరు. గట్టిగా బ్రేకు వేయొద్దు. రేస్ వదిలేసి, నిటారుగా ఉంచి, మెల్లగా ఎడమకు తీయండి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే పీకకండి. మేకే బిరడాలా గాలిని ఆపుతుంది. గాలి కొట్టించుకుంటూ పంక్చర్ షాపు దాకా వెళ్లొచ్చు. ట్యూబ్ టైరుకు ఆ సౌకర్యం లేదు, గాలి పోతే ఉన్నచోటే ఆగాలి. మీ బండి టైరు ఏ రకమో బయల్దేరకముందే టైరు పక్కన చదివి తెలుసుకోండి. ఇది తెలియకుండా బండి నడుపుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

పంక్చర్ లేకుండానే ఊగుతుంటే గాలి లెక్క చూడాలి. ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో స్టిక్కర్ ఉంటుంది. వెనక మనిషి ఉంటే వెనక టైరుకు ఎక్కువ కావాలని అందులోనే రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క అది. మధ్యాహ్నం హైవే మీద ఆగి చూస్తే నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించొచ్చు. ఎక్కువైందని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

గాలి కూడా సరిగా ఉంటే బ్యాగు చూడండి. సీటు చివర, ఎత్తుగా కట్టిన బరువు హ్యాండిల్‌ను తేలిక చేస్తుంది. బరువైన వస్తువులు కిందికి, నడుముకు దగ్గరగా రావాలి. వేలాడే తాడు కొస ఒక్కటి కూడా ఉండొద్దు. చైన్‌లో పడితే వెనక చక్రం పట్టేస్తుంది.

లారీని దాటేటప్పుడు మాత్రమే ఊగుతోందంటే అది గాలి దెబ్బ. జాతీయ రహదారి 44 మీద, ముఖ్యంగా బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన మీద ఇది బాగా తెలుస్తుంది. లారీ చాటున ఉన్నంతసేపు గాలి తగలదు, చాటు దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. హ్యాండిల్‌ను బిగబట్టేకొద్దీ బండి ఇంకా ఊగుతుంది. మోచేతులు వదులు చేసి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి.

గుంత పడ్డప్పుడల్లా కింద చప్పుడు

చైన్ వదులైంది. మామూలు బళ్లలో మధ్యలో వేలితో కదిపితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. రైడ్‌కు రెండు రోజుల ముందే సరిచేయించి, ఆయిల్ పెట్టించండి. బయల్దేరే పొద్దున సర్వీసింగ్ చేయించొద్దు. సరిగా బిగించని నట్టు ఏదైనా ఉంటే ఊళ్లో తిరిగేటప్పుడే తెలిసిపోవాలి.

బండి బాగుంది, మనిషే బాగాలేడు

చేతులు తిమ్మిరెక్కితే గ్రిప్‌ను గట్టిగా పిసుకుతున్నారన్నమాట. ఒక పిరుదు మాత్రమే నొప్పి పెడితే వెనక జేబులో పర్సు తీయండి. నవ్వొస్తుంది గానీ, నూరు కిలోమీటర్ల తర్వాత నడుము వంకర చేసేది ఆ పర్సే. గంటకోసారి దిగి పది అడుగులు నడవండి.

తలనొప్పికి రెండు కారణాలు. నుదుటి మీద ఒకేచోట నొప్పిగా ఉండి, హెల్మెట్ తీస్తే ఎర్రగా అచ్చు పడి ఉంటే ఆ సైజు మీది కాదు. తలంతా దిమ్ముగా ఉండి, మూత్రం పచ్చగా వస్తుంటే నీళ్లు చాలలేదు. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అంత వేడిలో ముఖానికి తగిలే గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా ఎండబెడుతుంది. చల్లగా ఉంటుందని పొట్టి చేతుల చొక్కా వేసుకుంటే నష్టమే. ఫుల్ చేతుల కాటన్ చొక్కా, ఉప్పేసిన సల్ల, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. పదకొండు నుంచి నాలుగు దాకా చెట్టు కింద ఉండటమే నయం.

గడిచిన రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చారో గుర్తు లేదంటే కునుకు పట్టిందని అర్థం. పాటలు పాడినా, ముఖం కడిగినా పోదు. టీ పనిచేయడానికి కూడా ఇరవై నిమిషాలు పడుతుంది. తాగి, అక్కడే ఇరవై నిమిషాలు పడుకుని లేవండి. మధ్యాహ్నం బిర్యానీ దట్టించి బండెక్కేవాళ్లకు ఇది రాకపోతేనే ఆశ్చర్యం.

చీకటి పడింది, ఇంకా దూరం ఉంది

లెక్కలో తప్పు. గంటకు అరవై చొప్పున వేసుకుని ఉంటారు. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, ఆగిన టీలు కలిపితే మన రోడ్ల మీద నలభై వస్తే గొప్ప. పైగా మన్ననూరు చెక్‌పోస్టులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బళ్లను వదలరు, అది పులుల అభయారణ్యం. ఏడున్నరకు ఇంకా డిండిలోనే ఉంటే వదిలేయండి. అచ్చంపేటలోనో దేవరకొండలోనో గది తీసుకుని పొద్దున్నే వెళ్లండి.

కోతల కాలంలో ఇంకో గండం ఉంది. వానాకాలం పంటకూ, యాసంగికీ రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. ఎదుటి బండి లైటు కళ్లలో పడితే ఆ రాళ్లు కనపడవు. వడ్ల మీదికి ఎక్కాల్సి వస్తే ముందే స్పీడ్ తగ్గించి, బ్రేకు ముట్టకుండా, ఒరగకుండా నిటారుగా దాటండి. వీలైతే ఎక్కకండి, అది ఒకరి ఆరుగాలం కష్టం.

ఏం చేసినా కదలట్లేదు

ఇంకో బండితో తాడు కట్టి లాగించుకోవద్దు, రెండూ పడతాయి. జాతీయ రహదారి మీదైతే 1033కు, దెబ్బలు తగిలితే 108కి, మరే అపాయమైనా 112కి ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి, చాలామందికి ఉన్నట్టే తెలియదు. లేకపోతే దగ్గరి ఊరి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. కిరాయి ఎక్కించకముందే ఖరారు చేసుకోవాలి. ముందు చక్రాన్ని క్యాబిన్‌కు ఆనించి, గేరులో పెట్టి, హ్యాండిల్‌కు రెండు వైపులా తాడు లాగి కట్టించండి. పెట్రోల్ ట్యాప్ ఉంటే మూసేయండి. బ్యాగులు, హెల్మెట్ విప్పి మీ ఒళ్లో పెట్టుకోండి.