ఊళ్లో వైకల్యాన్ని, పేదరికాన్ని కలిపి లెక్కించడం ఎలా

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. 2018 జులై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలోనూ 2.2 శాతమే తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక మాత్రం ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే దాదాపు 16 శాతం మందికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని అంచనా వేసింది. ఇంత తేడాకు ప్రధాన కారణం అడిగే ప్రశ్న. ఒక ఊళ్లోనో, మండలంలోనో పెద్దవాళ్లలో వైకల్యం ఎంత ఉంది, అది పేదరికంతో, మనిషి బాగోగులతో ఎలా ముడిపడి ఉందో తెలుసుకోవాలనుకునే విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు మొదట ఆ ప్రశ్న దగ్గరే జాగ్రత్తపడాలి.

“మీ ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా?” అని అడిగితే సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ పత్రం) ఉన్నవారి పేర్లు మాత్రమే బయటికి వస్తాయి. అరుగు మీద కూర్చున్న డెబ్బై ఏళ్ల అవ్వ “మా ఇంట్లో అలాంటోళ్లెవరూ లేరు బాబూ” అంటుంది. “కళ్లజోడు పెట్టుకున్నా సరే, చూడడానికి ఇబ్బందిగా ఉంటుందా అవ్వా?” అని అడిగితే, “వయసైపోయింది కదా, ఎదురుగా నిలబడితే తప్ప మనిషి ఆనవాలు తెలియదు” అంటుంది. మొదటి లెక్కలో ఆమె లేదు, రెండో లెక్కలో ఉంది. అందుచేత వైకల్యం, వికలాంగులు, దివ్యాంగులు అన్న మాటలేవీ ప్రశ్నలో రాకుండా చూసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలో 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు రూపొందించిన ఆరు ప్రశ్నలు ఇందుకు సరిపోతాయి. కళ్లజోడు ఉన్నా చూడడంలో, వినికిడి యంత్రం ఉన్నా వినడంలో, నడవడంలో లేదా మెట్లెక్కడంలో, గుర్తుపెట్టుకోవడంలో లేదా మనసు నిలపడంలో, స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం వంటి సొంత పనుల్లో, తమకు అలవాటైన భాషలో ఎదుటివారికి అర్థమయ్యేలా మాట్లాడడంలో లేదా ఎదుటివారి మాట అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉందా అన్నవే ఆ ఆరు. ప్రతిదానికీ “ఏ ఇబ్బందీ లేదు, కొంచెం ఇబ్బంది, చాలా ఇబ్బంది, అసలు చేయలేను” అనే నాలుగు జవాబులనూ ప్రతిసారీ చదివి వినిపించాలి. విసుగనిపించి “ఉందా, లేదా” అని కుదించి అడిగితే సర్వే మొత్తం చెడుతుంది. ఏ ఒక్క ప్రశ్నకైనా “చాలా ఇబ్బంది” లేదా “అసలు చేయలేను” అన్నవారిని వైకల్యం ఉన్నవారిగా లెక్కించడం అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. “కొంచెం ఇబ్బంది” అన్నవారిని పారేయకుండా వేరే వరుసలో ఉంచుకోవాలి, ఎందుకంటే తరువాత పేదరికంతో పోల్చేటప్పుడు ఆ మధ్య వరుస కూడా అవసరమవుతుంది. మానసిక అనారోగ్యం ఈ ఆరు ప్రశ్నలకు సరిగా దొరకదు కనుక, ఆందోళన, దిగులు గురించి విడిగా అడగవలసిందే.

జవాబు ఎవరు చెప్పారన్నది ప్రతి కాగితం మీదా రాసుకోవాలి. కోడలి మాటగా వచ్చిన అత్తగారి ఇబ్బంది, అత్తగారే స్వయంగా చెప్పిన ఇబ్బంది ఒకటి కావు. పెళ్లీడు పిల్ల ఉన్న ఇల్లు మూర్ఛను గానీ మతిస్థిమితం లేకపోవడాన్ని గానీ దాచిపెడుతుంది. ఇది పింఛను సర్వే అని ఊళ్లో పుకారు లేస్తే ఉన్న ఇబ్బందిని రెట్టింపు చేసి చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగాక, కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఎవరినైనా అనుమానంగా చూడడం సహజం. దీనివల్ల పింఛను రాదు, ఉన్నది పోదు అని ముందే స్పష్టంగా చెప్పి, ఒప్పుకుంటేనే కూర్చోవాలి. ఆశా కార్యకర్త ఇల్లు చూపించడం మంచిదే కానీ, ప్రశ్నలు అడిగేటప్పుడు ఆమె పక్కన లేకపోవడం ఇంకా మంచిది.

ఎంతమందిని అడగాలన్నది ఈ విషయంలో మామూలు కన్నా కష్టమైన ప్రశ్న. పదిశాతం మందికి వైకల్యం ఉండవచ్చనుకుని 400 మందిని ఎంచుకుంటే, దొరికేది 40 మంది, ఆ అంచనాలో మూడు శాతం ఇటూ అటూ తేడా ఉంటుంది. ఊరి మొత్తం శాతం చెప్పడానికి అది చాలు, ఆ 40 మందిని పేదలు, కానివారుగా, మళ్లీ ఆడ, మగగా విడగొట్టడానికి మాత్రం చాలదు. చిన్న బృందానికి నేను సూచించే మార్గం వేరు. ఆ ఆరు ప్రశ్నలు ఊళ్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ అడిగి, వైకల్యం తేలిన ప్రతి మనిషికీ అదే వీధిలో, అదే వయసులో, ఇబ్బంది లేని ఒక మనిషిని, ఆడవారికి ఆడవారిని, మగవారికి మగవారిని, జతగా తీసుకుని, పెద్ద ప్రశ్నపత్రం వారిద్దరికే పెట్టాలి.

ఇక పేదరికం. తెల్ల రేషన్ కార్డును కొలమానంగా తీసుకోవద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కార్డు ఉన్న కుటుంబాలు ఎంత ఎక్కువంటే, దానితో పేదలను వేరుచేయడం కుదరదు. నెల ఖర్చును పట్టుకుని లెక్కిద్దామంటే అక్కడ అసలు చిక్కు ఎదురవుతుంది. ఉదాహరణకు రెండు ఇళ్లు చెరో 12,000 రూపాయలు ఖర్చు పెడుతున్నాయనుకుందాం. ఒక ఇంట్లో మంచం పట్టిన తండ్రి మందులకు, డైపర్లకు, ఆసుపత్రికి వెళ్లే ఆటో కిరాయికి 4,000 పోతే, తిండికి, బట్టకు, పిల్లల చదువుకు మిగిలేది 8,000. కాగితం మీద మాత్రం రెండిళ్లూ సమానం. అప్పు తెచ్చి వైద్యానికి ఖర్చు పెట్టిన నెలలో ఆ ఇల్లు పక్కింటి కన్నా కలిగినదిగా కూడా కనిపిస్తుంది. అందువల్ల వైకల్యం కోసమే పెట్టే ఖర్చును విడిగా అడిగి, మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించాలి. కనిపెట్టుకుని ఉండడం కోసం భార్యో కూతురో వదులుకున్న కూలి రోజులు, పోగొట్టుకున్న ఉపాధి హామీ పని దినాలు కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఏ ఖర్చుల పట్టికలోనూ అవి కనబడవు.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ దీనినే రెండు రకాల నష్టంగా విడదీశారు. వైకల్యం వల్ల సంపాదన తగ్గడం ఒకటి, వచ్చిన సంపాదనతోనే ఇతరులంత బతుకు బతకలేకపోవడం రెండోది. ఆయన ఉదహరించిన బ్రిటన్ అధ్యయనంలో, వికలాంగులున్న కుటుంబాల్లోని వారిలో పేదలు 23.1 శాతమని తేలింది. అదనపు అవసరాలను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ శాతం 47.4కు పెరిగింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్, వికలాంగులకిచ్చే సామాజిక భద్రతా సాయం ఇతరులకిచ్చేదాని కన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలనడం వెనుక ఉన్నదీ ఈ అదనపు ఖర్చే. పింఛను డబ్బును ఆదాయంలో కలిపి ఒకసారి, తీసేసి మరోసారి లెక్క వేసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 6,000, తెలంగాణలో 4,016 రూపాయల పింఛను కొన్ని ఇళ్లను పేదరికపు గీత దాటిస్తుంది కనుక, రెండు లెక్కలూ పక్కపక్కన ఉండాలి.

పేదరికం ముందా, వైకల్యం ముందా అన్నదాన్ని ఒక్కసారి చేసే సర్వే తేల్చలేదు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన ఫ్లోరైడ్ నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుపోయాయి. వేరే నీళ్లు కొనుక్కునే స్తోమత ఉన్నవారికి కొంత తప్పించుకునే వీలుండేది. తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న గీత కార్మికుడి ఇంట్లో వరుస తిరగబడుతుంది, అక్కడ పడిపోవడం ముందు, అప్పు తరువాత. కాబట్టి ఇబ్బంది ఏ ఏడాది మొదలైంది, అప్పటికి ఎంత భూమి ఉంది, ఆ తరువాత ఏం అమ్మారు, పిల్లల్లో ఎవరు బడి మానేశారు అని కాలక్రమంలో అడగాలి. సంవత్సరం గుర్తులేకపోతే పెద్దమ్మాయి పెళ్లికి ముందా తరువాతా అంటే చెబుతారు.

బాగోగులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు వాక్యాల సూచిక తేలికగా ఉంటుంది. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా, ప్రశాంతంగా, చురుకుగా ఎంతసేపు ఉన్నారు, నిద్ర లేచినప్పుడు అలసట తీరినట్టు ఉందా, రోజువారీ జీవితంలో ఆసక్తి కలిగించేవి ఉన్నాయా అన్నవాటికి సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేసి, మొత్తాన్ని నాలుగుతో హెచ్చిస్తే నూటికి ఎంతో వస్తుంది. ఈ ప్రశ్నలకు ఇంకొకరి చేత జవాబు చెప్పించకూడదు. చురుకుదనం గురించిన వాక్యం శరీర ఇబ్బందినే మళ్లీ కొలిచే ప్రమాదం ఉంది కనుక, అది లేకుండా కూడా ఒకసారి సరాసరి తీసి చూడడం మేలు.

పట్టికలు వేసేటప్పుడు 18–39, 40–59, 60 పైబడినవారిని తప్పక విడగొట్టాలి. వలస పోయిన యువకులు లెక్కలో లేని ఊళ్లో ముసలివాళ్లే ఎక్కువ ఉంటారు కనుక, వయసు చూడకుండా పోల్చితే ఆ ఊరికి లేని వైకల్యం అంటగట్టినట్టవుతుంది. గ్రామసభలో ఫలితాలు చెప్పేటప్పుడు ఐదుగురి కన్నా తక్కువ మంది ఉన్న గడిని పక్క గడితో కలిపేయాలి. “ఎస్సీ కాలనీలో మాట్లాడలేని ఆడవాళ్లు ఒకరు” అని రాస్తే పేరు రాసినట్టే. సర్వేలో కనిపించి, సర్టిఫికెట్ లేనివారి చిరునామాలను వారి అనుమతి తీసుకుని వేరే కాగితం మీద రాసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలో సదరం క్యాంపు స్లాటు బుక్ చేయించవచ్చు, తెలంగాణలో అయితే సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించవచ్చు. ఆ కాగితాన్ని సర్వే పత్రాలతో కలిపి ఉంచకూడదు.