సెజ్‌ని చదవడం నేర్చుకుందాం, 3వ పాఠం: ట్యాక్స్ రాయితీ తీసేసి చూడండి

పోయిన పాఠంలో 2005 సెజ్ (స్పెషల్ ఎకనామిక్ జోన్, అంటే ఎగుమతుల కోసం వేరే పన్ను నియమాలతో పెట్టిన ప్రాంతం) చట్టం చూసినాం కదా, ఎగుమతి లాభం మీద మొదటి ఐదేళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ పూర్తిగా మాఫీ, తర్వాత ఐదేళ్లు సగం, అట్లా. ఈరోజు ఆ కాలమ్ మొత్తం కొట్టేయండి. మిగిలినదాంతో జోన్ నిలబడతాదా లేదా, అది చూడటమే ఇవాల్టి ప్రాక్టీస్. రాయితీ పక్క రాష్ట్రమూ ఇస్తాది, వియత్నామూ ఇస్తాది, పైగా ఇచ్చినోళ్లే వెనక్కి తీసుకుంటారు. మన దగ్గర 2011 బడ్జెట్‌లో సెజ్‌ల మీద మ్యాట్ (లాభం ఉంటే కనీసం ఇంత కట్టాల్సిందే అనే మినిమమ్ ఆల్టర్నేట్ ట్యాక్స్) వేసినారు, కొత్త యూనిట్లకి ఆ మాఫీ కూడా 2020తో ఆగిపోయింది. అయినా 2023లో డైకిన్ ఏసీల ఫ్యాక్టరీ సత్యవేడు దగ్గరి శ్రీసిటీ పారిశ్రామిక నగరంలో మొదలైంది. రాష్ట్రం ఇచ్చే ప్రోత్సాహకాలు వేరే ఉంటాయి, కాదనను, కానీ అవొక్కటే చూసి జపాన్ కంపెనీ సత్యవేడు పక్కకి రాదు.

మరి ఏం చూసి వస్తాది? మొదటి ప్రశ్న, చుట్టుపక్కల ఏముండాది? మ్యాప్ తీయండి. తడ దగ్గర చెన్నై-కోల్‌కతా హైవే పట్టుకోండి. చెన్నై యాభై అయిదు కిలోమీటర్లు, దక్షిణాన ఎన్నూరు, చెన్నై పోర్టులు, ఉత్తరాన కృష్ణపట్నం. పోర్టు ఒక్కటే అనుకోవద్దు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 2016లో శ్రీసిటీలో ఐసుజు వాహనాల ప్లాంట్ మొదలయ్యేటప్పటికే చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూర్, ఒరగడం చుట్టూ కార్ల విడిభాగాలు చేసేవాళ్లు ఉన్నారు, కాబట్టి ప్రతి బోల్టూ ఓడలో తెప్పించుకోవాల్సిన పని లేదు. మేనేజర్ కుటుంబం చెన్నైలో ఉండొచ్చు, జపాన్ కాన్సులేట్ ఆడే ఉండాది. ఇవి ఏ జీవోలోనూ కనపడవు, కానీ నా లెక్కలో సగం మార్కులు వీటికే.

రెండో ప్రశ్న, సరుకు ఎవరికి అమ్ముతారు? సెజ్‌లో తయారైంది మన దేశంలో అమ్మితే కస్టమ్స్ డ్యూటీ కట్టాలి. చాక్లెట్లు, ఏసీలు చేసే విదేశీ కంపెనీకి కావాల్సింది మన మార్కెట్టే కదా. శ్రీసిటీలో సెజ్ పక్కనే డొమెస్టిక్ టారిఫ్ జోన్ (సెజ్ నియమాలు లేకుండా, మన దేశంలో అమ్ముకునేవాళ్ల కోసం ఉండే భాగం) కూడా పెట్టినారు, అందుకే రెండు రకాల కంపెనీలకీ చోటు దొరికింది. నన్నడిగితే అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే.

మూడోది భూమి. ప్లాట్ దగ్గరికి రోడ్డు, కరెంటు, నీళ్లు వచ్చేసినాయా, ఇంకా కాగితం మీదే ఉండాయా? 2014లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) రిపోర్ట్ చూస్తే దేశంలో సెజ్‌లకని నోటిఫై చేసిన భూమిలో మూడో వంతుకి పైగా పనే మొదలు కాలేదు. రైతుల దగ్గర తీసుకున్న పొలం అట్లా ముళ్లకంప మొలిచి పడి ఉంటే ఎంత బాధో మన జిల్లాలో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ పని. నాయుడుపేట దగ్గర మేనకూరు సెజ్ తీసుకోండి, అదే హైవే, కృష్ణపట్నం ఇంకా దగ్గర. ఈ మూడు ప్రశ్నలూ వేసి ఒక పేజీ రాయండి, రాయితీల మాట ఎక్కడా రాకూడదు. వచ్చే పాఠంలో కరెంటు, నీళ్ల లెక్కలు చేద్దాం, దానికి కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.